కత్తిపీట మనది, ఉలి వాళ్ళదా?

ఇంట్లో ఓ మూల వడ్రంగం బల్ల వేసుకుంటానని ఆడది అంటే చాలు, నవ్వులే నవ్వులు. ‘చెయ్యి తెగుతుందమ్మా’ అని ఒకరు, ‘ఇల్లంతా పొట్టు’ అని ఇంకొకరు. కత్తిపీట మీద కూర్చుని కంద తరిగే చేతికి ఉలి ప్రమాదమట! రుబ్బురోట్లో పొత్రం తిప్పిన చేతికి చిత్రిక బరువట!

పైగా మనకి లెక్కలు రావట. జాకెట్టు గుడ్డ నిలువుపోగూ అడ్డపోగూ చూసి, అంగుళం వృథా కాకుండా కత్తిరించే మనిషికి చెక్క పోగు తెలియదా? వానాకాలంలో చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, నిలువునా దాదాపు పెరగదు. బిగుసుకుపోయిన తలుపుని గొణుక్కుంటూ లాగేది మనమేగా!

కావలసింది కొండంత సామానేం కాదు. రంపం, చిత్రిక, రెండు ఉలులు, సుత్తి, మూలమట్టం, సానరాయి, జిగురు ఆరేదాకా బిగించి ఉంచే క్లాంపులు. బల్ల మాత్రం కదలకూడదు. నించుని చెయ్యి కిందికి వదిలితే మణికట్టు ఎక్కడికొస్తుందో అంత ఎత్తుండాలి. మన మణికట్టు సుమండీ, ఆయనది కాదు! 5 అడుగుల మనిషి పీటెక్కి అందుకునే అలమార్లు ఎవరి కొలతకి చేసినవి?

చోటు లేదట. ఎవరూ కూర్చోని సోఫాకి హాలంతా ఉంది! పొట్టు మాట నిజమే. ముక్కుకి మాస్కు కట్టుకోవాలి, తర్వాత ఊడ్చుకోవాలి. ఇప్పుడు మాత్రం ఊడ్చేది ఎవరు గనక?

వేలు పోసి కొన్న బల్ల అంచు ఉబ్బితే, ‘తడిగుడ్డ పెట్టావు’ అని మాటపడేదీ మనమే. పొట్టూ జిగురూ కలిపి అచ్చొత్తిన పలక నీళ్ళు తాగితే ఉబ్బక ఏం చేస్తుంది? ఓ వేపచెక్క తెచ్చి ముందు పీట చెయ్యండి. నవ్వినవాళ్ళని దానిమీద కూర్చోనివ్వకండి.