అరుగు తీసేసిన ఇల్లు



వేసవి వచ్చిందంటే మన ఊళ్లలో ఇంటి పనులు మొదలవుతాయి. పెంకులు దించి స్లాబు వేసేవారు కొందరు, నాపరాళ్లు పీకి టైల్సు పరిచేవారు కొందరు. ఆ రెండు నెలలూ మేస్త్రి దొరకడమే గగనం. ఇల్లు బాగుచేసుకోవడం మంచిదే. వానకు కురిసే కప్పు కింద, చెదలు తిన్న దూలం కింద పిల్లలను పడుకోబెట్టలేము కదా.

అయితే పని పూర్తయి, కొత్త రంగు వాసన ఇంకా పోకముందే, ఆ ఇళ్ల నుండి రెండు రకాలవారు మా ఆస్పత్రికి వస్తున్నారు. ఒకరు బాత్ రూములో జారిపడి తుంటి ఎముక విరిగిన పెద్దవారు. మరొకరు చేతిలో ఫోను పెట్టనిదే ముద్ద మింగని పసివారు. వీరికీ వారికీ ఏమిటి సంబంధం అని మీరు అడగవచ్చు. సంబంధం ఉన్నదని మా అభిప్రాయం. ఒకరికి చెప్పేముందు మా ఇంటి సంగతి చెప్పుకోవాలి.

మా ఇంట్లో జరిగినది

మాది మామగారు కట్టిన పెంకుటిల్లు. వీధి వైపు రెండు అరుగులు, లోపల నాపరాళ్ల గచ్చు, మరుగుదొడ్డి పెరట్లో. 2018 వేసవిలో ఆ ఇంటిని బాగుచేయించాము. ఒక అరుగు తీసి బండ్లు పెట్టుకోను చోటు చేశాము. రెండో అరుగును కలిపి ముందుగది పెద్దది చేశాము. ఇల్లంతా అద్దంలా మెరిసే తెల్లని టైల్సు వేయించాము. అత్తగారికి సుఖంగా ఉంటుందని వెనుక గదికి ఆనుకుని బాత్ రూము కట్టించాము. ఈ నిర్ణయాలన్నీ మేము, మావారు, మరిది, మేస్త్రి కలిసి తీసుకున్నాము. పగలంతా ఆ ఇంట్లో ఉండేది మాత్రం ఇద్దరే. డెబ్బై దాటిన అత్తగారు, నాలుగేళ్ల మా మరిది కొడుకు. వారిద్దరినీ ఒక్క మాట అడగలేదు.

బంధువులను పిలిచి ప్రార్థన పెట్టుకున్నాము. వచ్చినవారంతా గచ్చులో ముఖం కనిపిస్తున్నదని మెచ్చుకుంటే మురిసిపోయాము. నాలుగు నెలలు తిరగకముందే ఒక తెల్లవారుజామున అత్తగారు బాత్ రూము గుమ్మం దగ్గర జారిపడ్డారు. నేల తడిగా ఉన్నది, లైటు స్విచ్చి గదికి అవతలి గోడన ఉన్నది, పట్టుకోవడానికి ఏమీ లేదు. తుంటి ఎముక విరిగింది. పాతికేళ్లకు పైగా వార్డుల్లో ఇతరులకు జాగ్రత్తలు చెప్పిన మేము, మా ఇంట్లోనే ఆ మూడూ చూసుకోలేదు.

ఆపరేషను అయింది. వాకరుతో నడిచారు కాని మునుపటి నడక రాలేదు. వార్డులో ఒకనాడు మా చేయి పట్టుకుని, "నన్నడిగితే చెప్పేదాన్ని కదమ్మా, ఆ బండ మీద కాలు పెట్టాలంటే నాకు భయమేస్తోందని" అన్నారు. మేము బదులు చెప్పలేకపోయాము. భయం ఉన్నా ఎందుకు చెప్పలేదంటే, అంత డబ్బు పోసి చేయించాము కదా, కోడలు నొచ్చుకుంటుందని. చాలా ఇళ్లలో పెద్దవారు ఇలాగే ఊరుకుంటారు.

అరుగు చేసే పని

ఇక పిల్లవాడి సంగతి. అరుగు ఉన్న రోజుల్లో సాయంత్రం కాగానే అత్తగారు అక్కడ కూర్చునేవారు. వాడు ఆమె పక్కన చేరి చింతగింజలతో ఆడేవాడు, దారిన పోయే బస్సులు లెక్కపెట్టేవాడు, పాలమ్మితో మాట్లాడేవాడు, ఎదురింటి పిల్లలు వస్తే కలిసి ఉరికేవాడు. పేరు పెట్టకపోయినా అది వారిద్దరికీ రోజుకు రెండు గంటల వ్యాయామం, వెలుతురు, మాటలు.

అరుగు పోయాక పెద్దావిడ వెనుక గదిలో మంచానికి, పిల్లవాడు ముందుగదిలో సోఫాకు చేరారు. మేమంతా డ్యూటీల్లో ఉంటాము. అల్లరి చేయకుండా ఉండాలని వాడి చేతికి ఫోను వచ్చింది. 2020 మార్చిలో బడులు మూతపడ్డాక పాఠం కూడా ఫోనులోకే వచ్చింది, ఇక దానిని తీసుకునేవారే లేరు. మళ్లీ బడి తెరిచాక నల్లబల్ల మీద అక్షరాలు కనిపించడం లేదన్నాడు. కళ్లద్దాలు పడ్డాయి. దానికి ఫోను ఒక్కటే కారణమని మేము చెప్పము, మా మరిదికీ చిన్ననాటి నుండి అద్దాలున్నాయి. కాని ఆరుబయట పగటి వెలుతురులో గడిపే పిల్లలకు హ్రస్వదృష్టి వచ్చే అవకాశం తక్కువని కంటి వైద్యులు చెబుతున్నారు. రోజుకు రెండు గంటలు బయట ఉంటే మంచిదంటారు. ఆ రెండు గంటలను మా ఇంటి నుండి మేమే తీసేశాము.

అందుకే మా అభిప్రాయం ఇది. పిల్లల చేతిలో ఫోను చూసి పిల్లలను తిట్టేముందు ఇంటిని చూడాలి. కూర్చోవడానికి, ఆడడానికి, మనిషితో మాట్లాడడానికి మనము చోటు తీసేస్తే, ఆ ఖాళీని ఫోను నింపుతుంది.

పెద్దవారి కోసం చూడవలసినవి

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం జారిపడడం, కిందపడడం వలన ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది మరణిస్తున్నారు. వీరిలో 60 ఏళ్లు దాటినవారే ఎక్కువ. ఎముక విరగడం ఒక్కటే కాదు, మంచం పట్టాక వచ్చే పుండ్లు, న్యుమోనియా, కాలి రక్తనాళాల్లో గడ్డలు ప్రాణం మీదికి తెస్తాయి. ఇంటి పని మొదలుపెట్టేముందు ఈ విషయాలు మేస్త్రితో మాట్లాడండి.

1. బాత్ రూములో, వరండాలో, మెట్ల మీద నునుపు టైల్సు వద్దు. గరుకుగా ఉండే యాంటీ స్కిడ్ టైల్సు అడగండి. దుకాణంలోనే ఒక టైలు మీద నీళ్లు పోయించి కాలితో చూడండి.

2. కమోడు పక్కన, స్నానం చేసే చోట గోడకు గట్టి స్టీలు కడ్డీలు బిగించాలి. తువ్వాలు వేసుకునే కడ్డీ మనిషి బరువు మోయదు. అది పట్టుకుని పడినవారిని చూశాము.

3. మంచం దగ్గర నుండి చేయి చాస్తే అందేలా స్విచ్చి ఉండాలి. మంచం నుండి బాత్ రూము వరకు రాత్రంతా చిన్న లైటు వెలగాలి.

4. గదికీ గదికీ మధ్య అంగుళం, రెండంగుళాల ఎత్తు తేడా ఉంటే కాలు తగులుతుంది. తీసేయగలిగితే తీసేయండి, లేకపోతే ఆ అంచుకు వేరే రంగు వేయండి.

5. మెట్ల ఎత్తు అన్నీ ఒక్కలాగే ఉండాలి, ఆరంగుళాలకు దగ్గరగా ఉంటే మోకాళ్లకు సుఖం. రెండు మెట్లే అయినా పక్కన పట్టుకునే కమ్మీ ఉండాలి.

6. బాత్ రూము తలుపు బయటకు తెరుచుకునేలా పెట్టించండి. లోపలికి తెరుచుకునే తలుపు వెనుక మనిషి పడిపోతే తీయడం కష్టం.

పెద్దవారు పడిపోతే జబ్బ పట్టి పైకి లాగవద్దు. ఒక కాలు పొట్టిగా, పాదం బయటకు తిరిగి కనిపిస్తే తుంటి విరిగి ఉండవచ్చు. కదపకుండా పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. నాటు కట్టు కట్టించి రోజులు గడపవద్దు. తుంటి విరిగితే ఒకటి రెండు రోజుల్లోనే ఆపరేషను జరగడం మేలు.

పని జరుగుతున్న రోజుల్లో

పని జరిగేటప్పుడు ఇంట్లోనే సర్దుకుని ఉండేవారు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి.

పాత తలుపులు, కిటికీల రంగు పొడిగా గీకించవద్దు. మన దేశంలో రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. మించరాదన్న నియమం 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగుల్లో సీసం ఎక్కువగా ఉండి ఉండవచ్చు. ఆ పొడి నేల మీద పడి పాకే పిల్లల చేతులకు అంటుకుని నోటిలోకి పోతే మెదడు ఎదుగుదలకు హాని. తడిపి గీకించాలి, చీపురుతో ఊడ్చకుండా తడి గుడ్డతో తుడవాలి, పిల్లలను, గర్భిణులను ఆ గదికి రానివ్వకూడదు.

పాత సిమెంటు రేకులలో ఆస్ బెస్టాస్ ఉంటుంది. వాటిని పగలగొట్టడం, రంపంతో కోయడం వద్దు. ఆ సన్నని పోగులు పీలిస్తే ఎన్నో ఏళ్లకు ఊపిరితిత్తుల జబ్బుగా, క్యాన్సరుగా బయటపడవచ్చు. తడిపి, బోల్టులు విప్పి, రేకు పళంగా దించాలి.

గోడలు తడపడానికి డ్రమ్ముల్లో, తొట్లలో నీరు నిలవ చేస్తారు. డెంగీ దోమ అటువంటి నీటిలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే వారానికొకసారి తొట్లు పూర్తిగా వంచి, లోపల రుద్ది ఆరబెట్టాలి.

పిల్లలు, ఫోను

పిల్లల వైద్యుల సంఘమైన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సూచనలు ఇలా ఉన్నాయి. రెండేళ్లలోపు పిల్లలకు ఫోను, టీవీ ఏదీ చూపకూడదు. దూరాన ఉన్న తాతయ్యతో, నాయనమ్మతో అప్పుడప్పుడు వీడియో కాలు మాత్రం ఫరవాలేదు. రెండు నుండి ఐదేళ్లవారికి రోజుకు గంట మించకూడదు, అదీ పెద్దవారు పక్కన ఉండి చూపాలి. ఐదు నుండి పదేళ్లవారికి రెండు గంటల లోపే.

తల్లులారా, ఈ మాట చదివి మీరు మా మీద కోపగించుకోవద్దు. పొద్దున్నే లేచి వంట చేసి, పనికి పోయి వచ్చి, మళ్లీ వంట చేసే తల్లి కాసేపు ఫోను ఇచ్చి ఊపిరి తీసుకుంటే అది పెద్ద నేరం కాదు. మేమూ ఇచ్చాము. మేము గట్టిగా చెప్పేది రెండు సమయాల గురించి మాత్రమే. అన్నం తినేటప్పుడు వద్దు. ఫోను చూస్తూ తినే బిడ్డకు ఆకలి తీరినది, తీరనిది తెలియదు, నమలడం మానేస్తాడు. నిద్రకు ముందు గంట వద్దు. ఆ వెలుగు, ఆ హడావిడి నిద్రను చెడగొడతాయి.

దీనికీ ఇంటి అమరికే సహాయం చేస్తుంది. పడకగదిలో ప్లగ్గు పాయింట్లు పెంచకండి. ఫోన్లన్నిటికీ ముందుగదిలో ఒకే చోట చార్జింగు బల్ల పెట్టండి. రాత్రి తొమ్మిదింటికి పెద్దవారి ఫోను కూడా అక్కడకే చేరాలి. తండ్రి మంచం మీద ఫోను చూస్తూ బిడ్డను చదువుకోమంటే బిడ్డ వినడు. టీవీ గదికొకటి వద్దు, ఇంటికొకటి చాలు.

అద్దె ఇంట్లో ఉన్నవారు

"మాది రెండు గదుల అద్దె ఇల్లండీ, అరుగు ఎక్కడ తెచ్చేది?" అని ఒక తల్లి ఓ.పి.లో అడిగింది. న్యాయమైన ప్రశ్న. వీధిలో బండ్ల వేగం చూస్తే పిల్లలను బయటకు పంపాలంటే భయమే. అయినా అరుగు అంటే రాయి, సున్నమే కాదు. గుమ్మం ముందు రెండు కుర్చీలు వేసినా అరుగే. మేడ మీద పిట్టగోడ ఎత్తుగా ఉంటే సాయంత్రం ఒక పెద్దవారి తోడుతో అక్కడ చాప వేసుకోవచ్చు. అపార్టుమెంటులో నాలుగు కుటుంబాలు మాట్లాడుకుని, కింద బండ్లు పెట్టేచోట ఒక మూల పిల్లలకు వదిలించవచ్చు. అద్దె ఇంట్లో టైల్సు మార్చలేకపోయినా, బాత్ రూములో రబ్బరు మ్యాటు, ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక చిన్న లైటు పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు.

మా ఇంటి విషయానికి వస్తే, 2021లో మళ్లీ మేస్త్రిని పిలిచాము. బండ్లు వీధిలోకి జరిపి, ఆ చోట ఒక చిన్న అరుగు కట్టించాము. పాతదాని సగమైనా లేదు. బాత్ రూము టైల్సు మార్పించి కడ్డీలు బిగించాము. ఈసారి ముందుగా అత్తగారిని వాకరుతో నడిపించి, చేయి ఎంత ఎత్తున ఆనితే ఆమెకు సుఖమో అక్కడ సుద్దముక్కతో గీత గీసి మేస్త్రికి చూపించాము. పిల్లవాణ్ణి అడిగితే, అరుగు మీద పులి-మేక ఆటకు గళ్లు చెక్కించమన్నాడు. చెక్కించాము. ఆమె చివరి రెండేళ్లూ సాయంత్రాలు అక్కడే కూర్చున్నారు. వాడు ఫోను పూర్తిగా మానలేదు. కాని ఐదు దాటితే నాయనమ్మ పిలుస్తుందని దానిని బల్ల మీద పెట్టి వెళ్లేవాడు.

మీ ఇంటి పని మొదలుపెట్టేముందు ఒక్క సాయంత్రం మీ ఇంట్లో అందరికన్నా పెద్దవారినీ, అందరికన్నా చిన్నవారినీ కూర్చోబెట్టుకుని అడగండి. "నీకు ఎక్కడ భయం? నీకు ఎక్కడ కూర్చోవాలని ఉంది?" వారు చెప్పినది రాసుకుని, ఆ తరువాతే టైల్సు దుకాణానికి వెళ్లండి.

— నర్సింగ్ సూపరింటెండెంట్