ఫాంటమ్‌తో నా పేచీ

యాకుత్‌పురాలోని మా అద్దె ఇంట్లో ఇంద్రజాల్ కామిక్స్ కోసం అన్నదమ్ములం కలహించుకునేవాళ్ళం. 1964లో ఫాంటమ్‌తో మొదలై 1990లో ఆగిపోయిన ఆ పుస్తకాలు కొన్ని నా వద్ద ఇంకా ఉన్నాయి.

ఈమధ్య తిరగేస్తుంటే ఒక ముల్లు గుచ్చుకుంది. మూలంలోని సముద్రపు దొంగల 'సింగ్' ముఠా మన ప్రతుల్లో 'సింగా' అయింది. బంగల్లా దేశం 'డెంకాలి' అయింది. మనవాళ్ళు నొచ్చుకోకూడదని కాబోలు, సరే. మరి కపాల సింహాసనం మీద తరతరాలుగా తెల్లవాడే కూర్చుని అడవి మనుషులకు న్యాయం చెప్పడం ఎవరికీ అభ్యంతరం కాలేదే! నాకూ కాలేదు. అదే బాధ.

ఎనభైలలో దూరదర్శన్ చూపిన స్టార్ ట్రెక్, 1966 నాటిదే అయినా, నల్లజాతి ఉహురాను నౌకలో అధికారిణిగా కూర్చోబెట్టింది. పక్కింటి ఖాలాజాన్ కన్ను ఆమె మీదే ఉండేది. మాకేమో స్పాక్ చెవులు!

ఆ పుస్తకాలను అమ్మను. మనవడి చేతికి ఇచ్చినప్పుడు మాత్రం పక్కనే కూర్చుంటాను.