ఆ పదిహేను వేలు ఎవరివి?



మన మర్రిగూడ హాస్టల్లో చదువుకుని, ఇప్పుడు సర్కారు బడిలో పంతులుగా పనిచేస్తున్నాను. సంచికకు ఏదైనా రాయమన్నారు. మా ఇంటి లెక్క ఒకటి మీ ముందు పెడుతున్నాను.

చిన్నప్పుడు తాగిన ఫ్లోరైడ్ నీళ్లతో మా అన్నకు కాళ్లు వంగిపోయాయి. తర్వాత ఊరికి కృష్ణా నీళ్లు వచ్చాయి గానీ వంగిన ఎముకలు సాగలేదు. వికలాంగుల ఆసరా పింఛను 2014లో 1,500, 2019లో 3,016, 2023లో 4,016 రూపాయలు అయింది. అది మందులకు, తిండికి సరిపోతుంది. రేపటికి మిగలదు.

నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్న తోబుట్టువును పోషించే ఉద్యోగికి పాత పన్ను విధానంలో 75,000 రూపాయల మినహాయింపు ఉంది. ఎనభై శాతం, ఆపైన ఉంటే 1,25,000. నాది ఇరవై శాతం శ్లాబు. సెస్సుతో కలిపి ఏడాదికి 15,600 రూపాయలు మిగులుతాయి. ఎవరికి? నాకు! కొన్నేళ్లు ఆ డబ్బు నా బండి కిస్తీలో కలిసిపోయింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

"సాకేది నువ్వే కదా, ఆ డబ్బు నీదే" అంటారు కొందరు. నిజమే. కానీ నేను లేని రోజు అన్న గతేమిటి?

అమెరికాలో 2014 చట్టంతో వికలాంగుల పేరు మీదనే పొదుపు ఖాతా తెరిచే వీలు వచ్చింది. వారి అవసరాలకు వాడితే వడ్డీ మీద పన్ను లేదు. కెనడాలో 2008 నుంచి ఇలాంటి ఖాతా ఉంది. పేదవారు ఒక్క డాలరు వేయకపోయినా ప్రభుత్వమే ఏటా వెయ్యి డాలర్ల దాకా జమ చేస్తుంది. మన దగ్గర వికలాంగుల కోసం తల్లిదండ్రులు తీసుకునే బీమాకు పన్ను రాయితీ ఉంది. కానీ ఆ సొమ్ము తల్లిదండ్రులు పోయాకే బిడ్డకు అందేది. దీన్ని మళ్లీ ఆలోచించమని 2019లో సుప్రీంకోర్టు సూచించింది. 2022లో చట్టం మార్చి, కట్టినవారికి అరవై ఏళ్లు నిండితే వారు బతికుండగానే అందేలా చేశారు.

మంచిదే. కానీ పన్ను కట్టేవాడికే పన్ను రాయితీ. కూలికి పోయే తల్లి ఆ రాయితీని ఏం చేసుకుంటుంది? అలాంటి ఇళ్లలో వికలాంగుల పేరు మీద ఖాతా తెరిచి, ప్రభుత్వమే కొంత జమ చేయాలి. ఇది అడగవలసింది చదువుకున్న మనమే.

అందాకా మన చేతిలో ఉన్నది చేద్దాం. పోస్టాఫీసులో అన్న పేర నెలకు 1,300 రూపాయల ఆర్.డి. కట్టడం మొదలుపెట్టాను. సంవత్సరానికి సరిగ్గా 15,600. పాసుబుక్కు చేతిలో పెడితే అన్న అటూ ఇటూ తిప్పి చూసి, "నా పేరు మీదనేనారా?" అన్నాడు.

తమ్ముళ్లారా, రేపు మీకూ ఉద్యోగాలొస్తాయి. ఇంట్లో ఇలాంటి అన్నో చెల్లెలో ఉంటే, ఆ ఫారం నింపిన రోజే ఈ పాసుబుక్కును గుర్తు చేసుకోండి.

మీ పాత విద్యార్థి