ఉద్యోగము, నాయకత్వము, ఇంటి పొయ్యి

స్త్రీలు ఉద్యోగము చేయవచ్చునా, కూడదా యను చర్చ మన పాఠశాలల వక్తృత్వపు పోటీలలో నేటికిని అప్పుడప్పుడు వినబడుచున్నది. ఆ చర్చకు కాలము చెల్లినదని మా యభిప్రాయము. మన బాలికలు డాక్టర్లును ఇంజనీర్లును అగుచున్నారు. బ్యాంకులలోను కచ్చేరీలలోను పని చేయుచున్నారు. అది యటుండ, ఈ జిల్లాలో స్త్రీ యెన్నడు ఇంట కూర్చున్నది? పత్తి తీసినది ఆమె. మిరపకాయలు కోసి, కల్లములో ఆరబోసి, తాలుకాయ లేఱినది ఆమె. గుంటూరు యార్డునకు చేరు సరకునకు తొడిమలు తీయుచున్నదియు ఆమెయే. ఇన్ని తరములు చేసిన దానిని పని యనక, కుర్చీలో కూర్చుండి చేయుదానికి మాత్రము ఉద్యోగమని పేరు పెట్టి, అది స్త్రీకి తగునా యని అడుగుట వింతగా నున్నది. అడుగవలసిన ప్రశ్న వేఱొకటి గలదు. ఆమె బయలుదేరిన పిమ్మట ఇంటిపని యెవరిది?

మిషను పాఠశాలలలో చదివిన మన కందఱకును డాక్టరు అన్నా కుగ్లరమ్మగారి పేరు తెలియును. ఆమె 1883లో అమెరికానుండి గుంటూరునకు వచ్చెను. వైద్యవిద్యలో పట్టము పొందియు, వైద్యమునకై పంపుటకు పంపినవారు అప్పటికింకను సిద్ధముగా లేనందున, మొదట స్త్రీలకు చదువు చెప్పు పనిమీద వచ్చినది. ఆ పని చేయుచునే రోగులను చూచినది. 1898లో స్త్రీలకును పిల్లలకును ఆసుపత్రి తెఱపించినది. 1930లో ఈ యూరనే కన్నుమూసినది. ఆ ఆసుపత్రిని నేటికిని జనులు ఆమె పేరిటనే పిలుచుచున్నారు. ఏటేట ఈమె చరిత్రము మన బాలికలకు చెప్పుచుందుము; చెప్పవలసినదే. అయితే ఒక సంగతి చెప్పక దాటించుచున్నాము. ఆమె వివాహమాడలేదు. అప్పటి స్త్రీల మిషను సంఘములు పంపిన వైద్యురాండ్రును ఉపాధ్యాయినులును చాలమట్టుకు అవివాహితలే. రాత్రి రెండు గంటలకు ప్రసవమునకు పిలుపు వచ్చిన, లేచి పోవుటకు ఆమెకు అడ్డు లేకుండెను. ఆ త్యాగమునకు మేము నమస్కరింతుము. కాని పెండ్లి చేసికొని, బిడ్డలను కని, అత్తమామలను చూచుకొనుచు ఉద్యోగము చేయబోవు బాలికకు ఈ యొక్క మార్గమునే చూపిన, 'ఇల్లో, పనియో, ఒకటి కోరుకొమ్ము' అని చెప్పినట్లే యగును.

రెండవ మార్గము వెదకుటకు మనము దూరము పోనక్కఱలేదు. ఉన్నవ లక్ష్మీనారాయణగారిని 'మాలపల్లి' వ్రాసినవారని అందఱు నెఱుగుదురు. ఆయన భార్య లక్ష్మీబాయమ్మగారిని ఎఱిగినవారు తక్కువ. ఆ దంపతులు గుంటూరులో వితంతు వివాహములు జరిపించిరి. 1922లో బాలికలకై శారదానికేతనము స్థాపించిరి. ఇరువురును జాతీయోద్యమమున కారాగారమునకు వెళ్లిరి. అచట ఇంటిపని వేఱు, లోకోపకారము వేఱు కాలేదు. భర్త ఒక గట్టునను, భార్య వేఱొక గట్టునను నిలిచియుండిన ఆ సంస్థ యొక యేడైనను నిలుచునా?

బాపట్లలో కనుపర్తి వరలక్ష్మమ్మగారును సంసారిణియే. 'గృహలక్ష్మి' పత్రికలో 'శారద లేఖలు' వ్రాసెను. ఊరి స్త్రీలకై స్త్రీ హితైషిణీ మండలి నడపెను. 1934లో గృహలక్ష్మి స్వర్ణకంకణ మందుకొనెను. దుర్గాబాయమ్మగారి కథ మఱియొక తెఱగు. బాల్యమున జరిగిన పెండ్లిని విడిచి, చదివి, మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నెలకొల్పి, రాజ్యాంగ సభలో సభ్యురాలై, 1953లో నలుబది నాలుగవ యేట దేశ్‌ముఖ్‌గారిని వివాహమాడినది. ఆమె చేసిన పనులలో మాకు మిక్కిలి ప్రియమైనది, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలు కొద్ది కాలములో పరీక్షకు సిద్ధపడునట్లు కేంద్ర సాంఘిక సంక్షేమ సంఘముద్వారా నడపించిన సంగ్రహ పాఠ్యక్రమము. ఇంటివలన వెనుకబడిన స్త్రీని తప్పుపట్టక, ఆమెకొఱకు గంటలను మార్చినది.

మన సంఘములలో పెండ్లినాడు సామెతల గ్రంథము ముప్పదియొకటవ అధ్యాయము చదువుట అలవాటు. ఆ గుణవతి పొలము కొనును, ద్రాక్షతోట నాటించును, నారబట్టలు నేయించి అమ్మును. పెండ్లికూతురు తల వంచుకొని వినును. ఆ గృహిణికి పనికత్తె లుండిరని అదే అధ్యాయము చెప్పుచున్నది. ఆ మాట చదువునపుడు మాత్రము మన గొంతు ఏల తగ్గునో! పదిచేతుల పనిని రెండు చేతులతో చేయుమని ఆ గ్రంథము ఏ వధువునకును ఆజ్ఞాపింపలేదు.

మన ఊళ్లలో ఆ మిగిలిన చేతు లెవరివి? హాజరు పట్టీ చూచిన తెలియును. సంక్రాంతి దాటి మిరప కోతలు మొదలుకాగానే తెల్లవాఱకమునుపే కూలీల ఆటోలు బయలుదేరును. తల్లి అందులో ఎక్కును. చంటిబిడ్డ ఎనిమిదవ తరగతి చదువు అక్క చంక కెక్కును. ఆ పిల్ల వారమునకు రెండు దినములు రాదు. తరువాత మూడు దినములు రాదు. పరీక్షకు వచ్చునో రాదో. ఆమె అన్న మాత్రము వచ్చును. ఊరిలో అంగన్వాడీ యున్నను, పొలమునుండి తల్లి తిరిగివచ్చు వేళవఱకు అది తెఱచియుండదు. 2017లో సవరించిన చట్టము ఉద్యోగినులకు మొదటి యిద్దఱు బిడ్డల ప్రసవమునకు 26 వారముల జీతపు సెలవు నిచ్చినది. మిక్కిలి మంచి చట్టము. మిరప చేనికి పోవు తల్లికి అట్టి సెలవు లేదు. ఆమె కూతురి చదువే ఆమె సెలవు.

నాయకత్వపు సంగతియు ఇంచుమించు ఇట్లే యున్నది. 1992 నాటి రాజ్యాంగ సవరణ పంచాయతులలో మూడవ వంతునకు తగ్గకుండ స్థానములు స్త్రీల కిచ్చినది. మన రాష్ట్రమున నేడు అది సగమైనది. ఆమె సర్పంచి. సభలో కుర్చీమీద ఆమె భర్త. 'సర్పంచిగారూ' యని పిలిచిన పలుకువాడును ఆయనయే. దీనికి నవ్వుకొను పట్టణవాసులు తమ పాఠశాలలవైపు ఒకసారి చూడవలెను. ప్రధానోపాధ్యాయిని పదవి వచ్చిన, అక్కఱలేదని వ్రాసి యిచ్చిన సమర్థురాండ్రను మే మెఱుగుదుము. 'ఆమెకు ఆసక్తి లేదు' అని తోటి మగ ఉపాధ్యాయులు చెప్పుదురు. ఆసక్తి లేకపోలేదు. సమావేశము సాయంకాల మయిదున్నరకు పెట్టుదురు. ఆ వేళకు ఇంట పాలవాడు, బియ్యము కడుగుట, పిల్లల హోంవర్కు, మామగారి మందు ఆమెకొఱకే కాచుకొని యుండును. అదే వేళ సమావేశమున మూడవసారి కాఫీ త్రాగుచున్న మాస్టరుగారికి ఇంట ఎవ్వరును కాచుకొనియుండరు, వేడి అన్నము తప్ప.

కొందఱు తల్లిదండ్రులు మాతో, 'అమ్మాయికి ఉద్యోగము చేయగల ఓర్పు నేర్పుడు' అందురు. ఓర్పు వారివద్ద కొఱతగా నున్నట్లు మాకు తోచలేదు. నేర్పవలసినది అబ్బాయిలకు. స్కౌటు కాంపులో మూడు రాళ్లు పేర్చి నలుబదిమందికి కిచిడీ వండి, అందఱిచేత చప్పట్లు కొట్టించుకొన్న బాలుడు ఇంటికి వచ్చి తాను తిన్న కంచము తీయడు. వంట వచ్చును, అది తన పనియని మాత్రము ఎవరును చెప్పలేదు. తల్లులారా, ఇందులో మీ వంతును గలదు. కొడుకు చీపురు పట్టిన, 'నీ కేల నాయనా, చెల్లెలున్నది గదా' అని లాగుకొనునది మీరే.

కావున ఈ సంచికద్వారా మేము కోరునది రెండు మాటలు. ఉపాధ్యాయుల సమావేశములు ఇకమీదట బడి గంటలలోనే జరుపవలెనని మిషనువారిని కోరుచున్నాము. ఒక పీరియడు పోయిన పోవుగాక. మిరప కోతలకు పోవు కుటుంబములవారు పంట చేతికి రాకమునుపే నలుగు రైదుగురు కలిసి, ఇంటనున్న ఒక పెద్దమ్మకు దినమునకు ఇంతయని యిచ్చి, పసిపిల్లలను ఒక చోట నుంచుటకు ఏర్పాటు చేసికొనవలెను. ఆమె కిచ్చు సొమ్ము దండుగ యని తలంపవలదు. ఆ ఏర్పాటునకు స్థలము దొరకనిచో మాతో చెప్పుడు. పాఠశాల వసారాలో తూర్పువైపు గది యొకటి ఖాళీగానే యున్నది.