గుర్తు ఇచ్చేది ఏప్రిల్ 29న, ఓటు మే 13న

చిన్న అభ్యర్థి ఓడిపోయిన ప్రతిసారీ మన విశ్లేషకులు డబ్బు దగ్గరే ఆగిపోతారు. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు 40 లక్షల రూపాయల పరిమితి పెట్టి, పార్టీ ఖర్చును మాత్రం పగ్గాల్లేకుండా వదిలేసిన చట్టం మీద ఎంత కోప్పడినా తక్కువే. కానీ ఈ చర్చలో ఎవరూ ఎత్తని అంకె ఒకటుంది. అది 14.

నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిశాక పోలింగ్‌కు కనీసం 14 రోజుల వ్యవధి ఉంటే చాలంటుంది ప్రజాప్రాతినిధ్య చట్టం. పెద్ద పార్టీల గుర్తులు దశాబ్దాలుగా జనం నోళ్లలో నానుతున్నాయి. ఇండిపెండెంట్‌కు మాత్రం ఆ గడువు దాటాకే గుర్తు కేటాయిస్తారు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపసంహరణ గడువు ఏప్రిల్ 29, పోలింగ్ మే 13. సరిగ్గా 14 రోజులు. చివరి 48 గంటలు ప్రచారం చేయకూడదు కాబట్టి మిగిలింది 12. ఓటర్లు 4.14 కోట్లు, స్థానాలు 175. సగటున నియోజకవర్గానికి 2.37 లక్షల మంది. మండుటెండల్లో రోజుకు దాదాపు 20 వేల మందికి తన గుర్తు చూపించాలి. గుర్తు తేలందే కరపత్రం అచ్చుకు వెళ్లదు, ఫ్లెక్సీ కట్టలేరు, నమూనా బ్యాలెట్ పట్టుకుని ఇల్లిల్లూ తిరగలేరు. ఈవీఎంలో వరుస సంఖ్య కూడా అప్పుడే తెలుస్తుంది.

2023లో కొల్లాపూర్ నుంచి ఇండిపెండెంట్‌గా పోటీ చేసిన బర్రెలక్క పేరు ఎన్నికలకు ముందే తెలంగాణ అంతటా తెలుసు. ఆమె ప్రచారాన్ని టీవీ ఛానళ్లు వెంటాడి చూపించాయి. ఉపసంహరణ గడువు నవంబరు 15న ముగిసింది, 30న పోలింగ్. ఈల గుర్తుకు పడినవి 5,754 ఓట్లు. అంత పేరున్న అభ్యర్థి పరిస్థితే ఇదైతే, ఊళ్లో చెరువు కోసమో బడి కోసమో నిలబడే మనిషి మాటేమిటి?

ఈ 14 ఎక్కడి నుంచి వచ్చింది? 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ నీళ్లపై నిరసనగా నల్లగొండలో వందల మంది నామినేషన్లు వేశారు. 480 మంది బరిలో మిగిలారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. అదే ఏడాది చట్టం మారింది. డిపాజిట్ పెంచారు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలన్నారు, ఇండిపెండెంట్‌కు పది మంది కావాలన్నారు. అప్పటిదాకా 20 రోజులున్న వ్యవధిని 14కు కోసేశారు. నల్లగొండకు తాగునీరు అందడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

ప్రచారం పొడవైతే ఖర్చు పెరుగుతుందన్న వాదన ఉంది. పెద్ద పార్టీలకు అది నిజమే కావచ్చు. కానీ వాటి ప్రచారం షెడ్యూలు రాకముందే మొదలవుతుంది. కోత పడేది ఇండిపెండెంట్ రోజులకే.

గుర్తు ముందే ఇవ్వడం కుదరదనే మాటా నిలవదు. గుర్తింపు లేని రిజిస్టర్డ్ పార్టీ అసెంబ్లీ స్థానాల్లో కనీసం 5 శాతం చోట్ల పోటీ చేస్తానంటే, ఉమ్మడి గుర్తును ముందుగానే ఇచ్చే వెసులుబాటు ఎన్నికల సంఘం నిబంధనల్లో ఉంది. ఒక్క స్థానంలో నిలబడే మనిషికే అది లేదు. పైగా ఇచ్చిన గుర్తుకూ భద్రత లేదు. 2022 మునుగోడు ఉప ఎన్నికలో ఒక అభ్యర్థికి లాటరీలో దక్కిన రోడ్డు రోలర్‌ను రిటర్నింగ్ అధికారి మార్చేశారు. ఎన్నికల సంఘం కల్పించుకుంటే గానీ అది తిరిగి రాలేదు. చేతిలో ఉన్నదే 12 రోజులు. అందులో ఒక్క రోజు పోయినా 20 వేల మంది ఓటర్లు పోయినట్టే.

ఇవన్నీ చాలవన్నట్టు, ఇండిపెండెంట్లలో ఎక్కువ మంది నామమాత్రపు అభ్యర్థులే కాబట్టి వాళ్లను పోటీకే రానివ్వొద్దని 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో సిఫార్సు చేసింది. ఆ మాటను నేటికీ సంస్కరణ పేరుతో వల్లించేవారున్నారు. కాళ్లు కట్టేసి పరుగెత్తమని, వెనకబడ్డాడు కనుక పందెంలోకే రావద్దనడం అన్యాయం. డిపాజిట్లు పోయిన వారి జాబితా చూపించేవారు, వారికి దక్కిన రోజుల లెక్క కూడా పక్కనే చూపించాలి. 20 రోజుల వ్యవధిని పార్లమెంటు పునరుద్ధరించాలి. నామినేషన్ల పరిశీలన ముగిసిన రోజే గుర్తు ఖరారు చేయాలి. 2028లో తెలంగాణ, 2029లో ఆంధ్రప్రదేశ్ ఓటు వేసేలోగా ఈ రెండూ జరగాలి. జరగనివ్వని పార్టీలకు ఇండిపెండెంట్ల ఓట్ల శాతం గురించి మాట్లాడే అర్హత లేదు.