కోత చిన్నదే... జాప్యమే పెద్దది!

ఎల్బీనగర్: నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం దిక్కుల నుంచి వైద్యం కోసం రాజధానికి వచ్చేవారికి ఎల్బీనగర్ కూడలే తొలి మజిలీ. అక్కడి నుంచి కొత్తపేట, చైతన్యపురి మీదుగా దిల్‌సుఖ్‌నగర్ వరకు రహదారికి ఇరువైపులా ఆసుపత్రుల బోర్డులే. ఒకచోట ‘మొలలకు శాశ్వత పరిష్కారం’, మరోచోట ‘కోత లేని ఆపరేషన్’. పెద్దపేగు క్యాన్సర్ రోగి మొదటి బోర్డు నుంచి రెండో బోర్డుకు చేరడానికి పట్టే కాలమే అతని భవితవ్యాన్ని నిర్ణయిస్తోంది.

పద్ధతి ఏమిటంటే..

లాపరోస్కోపీలో పొట్టను నిలువునా కోయరు. నాలుగైదు చిన్న రంధ్రాల ద్వారా కెమెరా, పరికరాలు పంపి, కణితి ఉన్న పేగు భాగాన్ని, దానికి చెందిన లింఫు గ్రంథులను వేరుచేస్తారు. వాటిని బయటకు తీయడానికి సాధారణంగా చిన్న కోత తప్పదు. నొప్పి తక్కువ, రోగి త్వరగా కోలుకుంటాడు. మన దేశంలో 1990లో ముంబయి జేజే ఆసుపత్రిలో డాక్టర్ టెహెంటన్ ఉద్వాడియా పిత్తాశయ శస్త్రచికిత్సతో ఈ విధానానికి నాంది పలికారు.

క్యాన్సర్‌కు ఇది సురక్షితమేనా అన్న సందేహం చాలాకాలం ఉండేది. అమెరికాలో 872 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగులపై జరిపిన అధ్యయనం 2004లో దానికి సమాధానమిచ్చింది. మూడేళ్లలో వ్యాధి తిరగబెట్టినవారు లాపరోస్కోపీలో 16 శాతం, పెద్ద కోతలో 18 శాతం. అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు. మలాశయ క్యాన్సర్‌లో మాత్రం 2015 నాటి అధ్యయనాలు ఒకే మాట చెప్పలేదు. ఐరోపా అధ్యయనంలో ఫలితాలు సమానం కాగా, అమెరికా, ఆస్ట్రేలియా అధ్యయనాలు ఆ సమానత్వాన్ని నిరూపించలేకపోయాయి. రోబో వాడినా, మధ్యలో పెద్ద కోతకు మారాల్సిన అవసరం గణనీయంగా తగ్గలేదని 2017లో తేలింది. యంత్రం కన్నా వైద్యుడి అనుభవమే ముఖ్యమన్నమాట.

అసలు సమస్య ఇదీ..

మలంలో రక్తం కనిపిస్తే ‘మొలలే’ అని నెలల తరబడి మందులు వాడటం పల్లెల్లో పరిపాటి. ఈలోగా కణితి పెరిగి పేగు మూసుకుపోతే అత్యవసరంగా పొట్ట కోయక తప్పని పరిస్థితి వస్తుంది. 30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వం జరిపే క్యాన్సర్ పరీక్షలు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారానికే పరిమితం. పెద్దపేగుకు ఆ జాబితాలో చోటు లేదు. నిజానికి మలాశయం దిగువన ఉన్న కణితులు అనేకం వైద్యుడు వేలితో చేసే పరీక్షలోనే తెలుస్తాయి. దానికి యంత్రం అక్కర్లేదు.

చికిత్సకు దారులు లేకపోలేదు. ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో రూ.5 లక్షల నుంచి రూ.10 లక్షలకు పెంచింది. 2018లో ఎల్బీనగర్‌కు వచ్చిన మెట్రో ఎక్కితే లక్డీకాపూల్ వద్ద దిగి ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి, పంజాగుట్ట వద్ద దిగి నిమ్స్‌కు వెళ్లవచ్చు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ స్థలంలో వెయ్యి పడకల ఆసుపత్రికి 2022లో శంకుస్థాపన జరిగింది.

అడగవలసినవి

రక్తస్రావం, మలవిసర్జనలో మార్పు, అకారణ రక్తహీనత, బరువు తగ్గడం ఉంటే కొలనోస్కోపీ అవసరమా అని వైద్యుణ్ని అడగాలి. ఆపరేషన్‌కు ముందు వ్యాధి ఏ దశలో ఉందో, వైద్యుడు ఇలాంటివి ఎన్ని చేశారో తెలుసుకోవాలి. రంధ్రాలు ఎన్ని అన్నది ఆ తరువాతి మాట.