వాయిదా పడ్డ బాణీకి బద్ధకం కారణం కాదు

సరదాపడి కొనుక్కున్న కీబోర్డు మీద దుమ్ము పేరుకుంటే ఇంట్లోవాళ్లు, స్నేహితులు, చివరికి కొన్న మనిషి కూడా ఒకటే తీర్పు చెబుతారు: ‘నిజంగా ఇష్టముంటే టైమ్ అదే దొరికేది.’ ఈ మాట మనలో ఎంతగా పాతుకుపోయిందంటే, దాన్ని నిలదీయాలని ఎవరికీ తోచదు. ఇష్టమున్నవాడు ఆగడు, ఆగాడంటే ఇష్టం లేనట్టే, ఇష్టముండీ ఆగాడంటే బద్ధకస్తుడన్నట్టే. ఈ లెక్క తప్పు. పైగా హాని చేసే తప్పు. ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ, సొంతంగా నాలుగు బాణీలు కట్టుకుందామని ఆశపడ్డ ఎంతోమంది చేత హార్మోనియాన్ని అటక ఎక్కించింది ఈ తీర్పే.

వాయిదా ఎలా పడుతుందో దగ్గరగా చూస్తే బద్ధకం ఎక్కడా కనిపించదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో డాలస్‌లోనో ఒక ఉద్యోగి రాత్రి భోజనాలయ్యాక ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటాడు. మొన్న మొదలుపెట్టిన నాలుగు బార్ల లూప్ అలాగే ఉంది. తబలా శబ్దం కాస్త పలచగా ఉందనిపించి ఇంకో శాంపుల్ వెతుకుతాడు. దొరికినదానికి రివర్బ్ ఎక్కువైంది. తగ్గించడం ఎలాగో తెలుసుకోవడానికి యూట్యూబ్‌లో వీడియో చూస్తాడు. అందులో చెప్పే మనిషి ఇంకేదో ప్లగిన్ బాగుంటుందంటాడు. అది డౌన్‌లోడ్ అయ్యేసరికి పదకొండున్నర. చరణం రావలసిన చోటు ఖాళీగానే ఉంది.

ఆ రెండు గంటలూ అతను కష్టపడ్డాడు. పల్లవి తర్వాత ఏం రావాలన్న నిర్ణయం ఒక్కటి తప్ప మిగతా పనులన్నీ చేశాడు. ఎందుకంటే ఆ నిర్ణయం తీసుకున్న మరుక్షణం పాట ఎలా ఉందో తేలిపోతుంది. బాగోలేదని తేలితే, తాను బాణీ కట్టగలనన్న నమ్మకం కూడా పోతుంది. సగంలో ఉన్నంతకాలం అది మంచి పాట కావడానికి అవకాశం మిగిలే ఉంటుంది. ఇష్టం లేని పనిలో ఇంత భయం ఉండదు. కరెంటు బిల్లు కట్టడం వాయిదా వేసేవాడు తన విలువ ఏమైపోతుందోనని వణకడు.

చరిత్రలో ఇందుకు గట్టి సాక్ష్యాలున్నాయి. అలెగ్జాండర్ బొరోదిన్ 19వ శతాబ్దపు రష్యాలో పేరుమోసిన రసాయన శాస్త్రవేత్త. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని వైద్య అకాడమీలో ఆచార్యుడు, మహిళలకు వైద్యవిద్య అందాలని పాటుపడ్డవాడు. సంగీతం ఆయనకు తీరిక వేళల వ్యాపకం. 1869లో ‘ప్రిన్స్ ఇగోర్’ అనే ఒపేరా మొదలుపెట్టాడు. మరుసటి ఏడాదే పక్కన పెట్టాడు. 1874లో మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. 1887లో కన్నుమూసేనాటికి, అంటే మొదలుపెట్టిన 18 ఏళ్లకు కూడా, అది పూర్తి కాలేదు. మిత్రులు రిమ్‌స్కీ-కోర్సకోవ్, గ్లజునోవ్ మిగిలింది పూరించాక 1890లో రంగస్థలం ఎక్కింది. జబ్బుచేసి ఇంట్లో ఉండిపోయినప్పుడే తనకు సంగీతం రాయడం కుదురుతుందని బొరోదిన్ ఒక ఉత్తరంలో చెప్పుకున్నాడు. అలాంటి మనిషికి సంగీతమంటే ఇష్టం లేదని అనగలవాళ్లెవరు?

అదే ఒపేరాలో ఒక భాగం మాత్రం ఎలా పూర్తయిందో రిమ్‌స్కీ-కోర్సకోవ్ తన జ్ఞాపకాల్లో రాశాడు. 1879లో ఒక కచేరీకి అందులోని ‘పోలోవ్‌ట్సీ నృత్యాలు’ వాయిస్తామని ప్రకటించేశారు. కచేరీ దగ్గరపడుతున్నా వాద్యబృందానికి ఇవ్వాల్సిన స్వరపత్రం తయారు కాలేదు. ఒక సాయంత్రం బొరోదిన్ ఆ కాగితాలు పట్టుకుని రిమ్‌స్కీ-కోర్సకోవ్ ఇంటికి వచ్చాడు, మరో స్వరకర్త ల్యాదోవ్ కూడా తోడయ్యాడు. ముగ్గురూ పని పంచుకుని కూర్చున్నారు. త్వరగా అవుతుందని పెన్సిల్‌తో రాశారు. పెన్సిల్ రాత చెరిగిపోకుండా బొరోదిన్ కాగితాలకు జెలటిన్ పూసి, ఉతికిన బట్టల్లా తాళ్ల మీద ఆరవేశాడు. రాత్రి బాగా పొద్దుపోయేదాకా పని సాగింది.

బొరోదిన్‌కి నిజంగానే తీరిక లేదు కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ సాయంత్రం కొత్తగా తీరిక పుట్టుకురాలేదు. ఇష్టం హఠాత్తుగా పెరిగిందీ లేదు. మారినవి మూడే: ఒక తేదీ ఖాయమైంది, పక్కన మనుషులున్నారు, చేయాల్సింది మొత్తం ఒపేరా కాక ఒక్క ముక్క. మనిషి గుణం అదే, ఏర్పాటు మారింది.

రష్యన్ స్వరకర్త సెర్గీ రహ్మానినోవ్ కథ ఇంకా సూటిగా మాట్లాడుతుంది. ఆయన మొదటి సింఫనీని 1897 మార్చిలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో తొలిసారి వాయించారు. ప్రదర్శన ఘోరంగా దెబ్బతింది. విమర్శకుడు సెజార్ కుయ్ పత్రికలో చీల్చి చెండాడాడు. ఆ తర్వాత దాదాపు మూడేళ్లపాటు రహ్మానినోవ్ చెప్పుకోదగ్గ రచనేదీ చేయలేకపోయాడు. ఆ కాలంలో ఆయన మంచం పట్టుకుని ఊరికే ఉన్నాడా? లేదు. మాస్కోలో మామొంతోవ్ ఒపేరా సంస్థలో వాద్యబృందాన్ని నడిపించాడు. పనిచేసే శక్తి ఉంది, సంగీతం మీద ప్రేమ ఉంది. సొంత రచన అనేసరికే చెయ్యి కదలలేదు. 1900లో డాక్టర్ నికొలాయ్ దాల్ దగ్గర చికిత్స పొందాక రెండో పియానో కంచెర్టో రాశాడు, దాన్ని ఆ వైద్యుడికే అంకితమిచ్చాడు. బద్ధకస్తుడని ముద్ర వేసి, మందలించి, టైమ్‌టేబుల్ చేతిలో పెట్టి పంపితే ఆ రచన వచ్చేదని నమ్మడం కష్టం.

ఇవి మహానుభావుల కథలు, మామూలు మనుషులకు వర్తించవని కొట్టిపారేయడానికీ వీల్లేదు. వాయిదా మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నిటినీ గుదిగుచ్చి మనస్తత్వ పరిశోధకుడు పియర్స్ స్టీల్ 2007లో పెద్ద సమీక్ష ప్రచురించాడు. వాయిదాకు బలంగా ముడిపడ్డవాటిలో మూడు ఇక్కడ ముఖ్యం: ఆ పని ఎంత చేదుగా అనిపిస్తోంది, చేయగలనన్న నమ్మకం ఎంత తక్కువగా ఉంది, ఫలితం ఎంత దూరంలో ఉంది. ‘నేను పర్ఫెక్షనిస్టుని, అందుకే ఆలస్యం’ అని చాలామంది చెప్పుకునే సమర్థనకు ఆ సమీక్షలో పెద్దగా బలం దొరకలేదు. 2013లో ఫుషియా సిరోయ్, తిమోతీ పిచిల్ మరో మాట చేర్చారు. వాయిదా వేసే మనిషి సమయాన్ని సరిచూసుకోలేక కాదు, ఆ క్షణంలో కలిగే ఇబ్బందిని తప్పించుకోవడానికే పనిని పక్కకు నెడతాడని వాళ్ల వాదన. లూప్ ముందు కూర్చున్న ఉద్యోగికి కావలసింది కొత్త క్యాలెండర్ కాదన్నమాట.

మరి ఆ ఇబ్బంది ఎక్కడి నుంచి వస్తోంది? కొంత మన ఇళ్లలోనే తయారవుతోంది. తెలుగు ఇంట్లో పిల్ల గొంతు విప్పితే చాలు, పోటీకి పంపుదామా అన్న ప్రశ్న వస్తుంది. పెద్దవాళ్లెవరైనా నేర్చుకుంటామంటే ‘ఈ వయసులో ఎందుకు, ఎక్కడ పాడతారు?’ అంటారు. టీవీలో పాటల పోటీలు చూసి చూసి ప్రతి హాల్లోనూ ఒక న్యాయనిర్ణేత తయారయ్యాడు. శ్రుతి తప్పిందని పట్టేసేవాళ్లు నలుగురున్న చోట, ఇంకా ఆకారం రాని బాణీని బయటపెట్టడానికి గుండె ధైర్యం కావాలి. సంగీతమంటే పరీక్ష అని మనమే నేర్పించి, పరీక్షకు జంకినవాణ్ని బద్ధకస్తుడంటున్నాం.

మన పాట ఎప్పుడూ ఇలాగే లేదు. తెలంగాణలో బతుకమ్మ ఆడే ఆడవాళ్లను చూస్తే చాలు. ఒకరు పాట ఎత్తుకుంటారు, మిగతావాళ్లు చప్పట్లతో చుట్టూ తిరుగుతూ అందుకుంటారు. ప్రతి పాదం చివరా వచ్చే ఊతపదం అందరికీ తెలిసిందే కాబట్టి మధ్యలో కొత్త మాటలు కలిపినా పాట ఎక్కడా తెగదు. గొంతు బొంగురుగా ఉందని ఎవరినీ వలయం బయట నిలబెట్టరు. గొంతు కుదిరాక వచ్చే ఏడాది ఆడతానని ఎవరూ అనరు. తొమ్మిది రోజుల తేదీలు ముందే ఖాయం, తోడు ఉంటుంది, ఊతపదం చేతికందే ఉంటుంది, మార్కులు ఉండవు. భజన మండళ్లలోనూ, ఒకప్పటి పెళ్లి పాటల్లోనూ ఇదే పద్ధతి. రిమ్‌స్కీ-కోర్సకోవ్ ఇంట్లో ఆ సాయంత్రం పనిచేసినవి మన వాకిళ్లలో ఏటా పనిచేస్తూనే ఉన్నాయి.

క్రమశిక్షణను నమ్మేవాళ్లు ఇక్కడ సాధన మాట ఎత్తుతారు. రోజూ తెల్లవారుజామున లేచి సరళీలు, జంటలు, అలంకారాలు పాడకుండా ఎవరికి సంగీతం వచ్చిందని అడుగుతారు. గొంతుకూ వేళ్లకూ సాధన కావాలి, అందులో రెండో మాట లేదు. కానీ సాధనలో దారి ముందే వేసి ఉంటుంది, ఏ స్వరం తర్వాత ఏది రావాలో గురువు చెప్పేశాడు. సొంత బాణీలో ఆ దారి లేదు, ప్రతి అడుగూ తానే తేల్చుకోవాలి. మొదటిదానికి పనికొచ్చిన మందలింపు రెండోదానికి పనికిరాదు, పైగా భయాన్ని పెంచుతుంది.

డాక్టర్ శ్రీపాద పినాకపాణిని ఉదాహరణగా చూపేవాళ్లూ ఉన్నారు. వైద్యవృత్తిలో ఆచార్యుడిగా పనిచేస్తూనే ఆయన సంగీతంలో శిఖరాలందుకున్నారు, వందలాది కృతులను స్వరసహితంగా గ్రంథస్థం చేశారు, 1983లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ నుంచి సంగీత కళానిధి బిరుదు పొందారు. డాక్టరుగారికి కుదిరింది నీకెందుకు కుదరదన్నది వీళ్ల ప్రశ్న. అయితే ఆయన ఒంటరిగా గది తలుపులు వేసుకుని సంకల్పబలంతో నెట్టుకొచ్చిన మనిషి కాదు. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ వంటివాళ్లు ఆయన దగ్గర నేర్చుకున్నారు. నేర్చుకోవడానికి ఎదురుగా మనుషులు కూర్చున్న ఇంట్లో సంగీతం రేపటికి వాయిదా పడదు. ఆ ఏర్పాటును వదిలేసి, ఆయన పట్టుదలను మాత్రమే తీసి చూపడం వల్ల ఎవరికీ మేలు జరగదు.

మంచి మైకు, మంచి గది, మంచి మూడ్ వచ్చాకే మొదలుపెట్టాలన్నది ఈ తీర్పుకే ఇంకో ముఖం. అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982లో విడుదల చేసిన ‘నెబ్రాస్కా’ ఆల్బమ్ న్యూజెర్సీలోని ఇంట్లో నాలుగు ట్రాకుల క్యాసెట్ యంత్రం మీద రికార్డయింది. అవి బ్యాండుకు వినిపించడానికి చేసుకున్న నమూనాలు. స్టూడియోలో బ్యాండుతో మళ్లీ వాయించి చూశారు, కుదరలేదు, ఆ ఇంటి టేపునే ఆల్బమ్‌గా వేశారు. ఇప్పుడు చేతిలో ఉండే మామూలు ఫోన్‌లో అంతకంటే ఎక్కువ ట్రాకులు దొరుకుతాయి. మూడ్ సంగతికొస్తే, రాబర్ట్ బాయిస్ 1983లో కళాశాల అధ్యాపకుల రచనా అలవాట్ల మీద ప్రయోగం చేశాడు. తోచినప్పుడే రాసినవాళ్లకంటే, బయటి షరతుకు కట్టుబడి రోజూ రాసినవాళ్లకే కొత్త ఆలోచనలు ఎక్కువ వచ్చాయి. షరతు బయటి నుంచి వచ్చిందన్నది ఇక్కడ గమనించాల్సిన సంగతి.

కాబట్టి చేయవలసింది ఆత్మనింద కాదు, ఏర్పాటు. పని చేదుగా ఉంటే దాన్ని చిన్నది చేయాలి: ఈ రాత్రికి పాట కాదు, చరణం మొదటి రెండు పాదాలే, అదీ గొంతుతో కూనిరాగంగా ఫోన్‌లో రికార్డు చేసేంతవరకే. ట్రాకులు నాలుగుకు మించకూడదని ముందే గీత గీసుకుంటే శాంపుళ్ల వేటకు దారి మూసుకుపోతుంది. నమ్మకం తక్కువైతే, నాసిరకం పాటలైనా సరే, పూర్తిచేసినవి పోగుపడాలి. అమెరికాలో 2004లో మొదలైన ‘ఫిబ్రవరి ఆల్బమ్ రైటింగ్ మంత్’ అనే సరదా సవాలులో 28 రోజుల్లో 14 పాటలు రాయాలి. రెండు రోజులకొక పాట చొప్పున కట్టేవాడికి ఒక్కో పాట మీద తన పరువంతా పెట్టే వ్యవధి ఉండదు. ఫలితం దూరంగా ఉంటే దగ్గరకు లాగాలి: వచ్చే ఆదివారం సాయంత్రం ఒక్క స్నేహితుడికి వినిపిస్తానని మాటివ్వాలి.

ఎప్పుడు, ఎక్కడ అన్నదీ ముందే తేల్చుకోవాలి. ‘వీలైనప్పుడు వాయిస్తాను’ అనుకోవడానికీ ‘గిన్నెలు కడగడం అయ్యాక బాల్కనీలో కుర్చీ మీద కూర్చుని వాయిస్తాను’ అనుకోవడానికీ చాలా తేడా ఉందని పీటర్ గోల్‌విట్జర్ పరిశోధనలు చూపించాయి. కీబోర్డును పెట్టెలోంచి తీసి, గుడ్డ తొలగించి, ప్లగ్ పెట్టి బల్ల మీద ఉంచేయడం ఇందులో సగం పని.

ఒక వారం తప్పిపోతే? తనను తాను తిట్టుకోకపోతే మనిషి మరింత జారిపోతాడని చాలామంది నమ్మకం. కెనడాలో మైకేల్ వోల్, తిమోతీ పిచిల్, షానన్ బెనెట్ 2010లో ప్రచురించిన అధ్యయనంలో దీనికి భిన్నమైన ఫలితం వచ్చింది. మొదటి పరీక్షకు చదవడం వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్న విద్యార్థులు రెండో పరీక్షకు తక్కువ వాయిదా వేశారు. తిట్టు పనిని ఇంకా చేదుగా మార్చుతుంది. చేదెక్కిన పని మళ్లీ వాయిదా పడుతుంది.

ఇదంతా ఆ ఒక్క మనిషి మీదే వదిలేయకూడదు. వినాయక చవితికీ ఉగాదికీ అపార్ట్‌మెంట్లలో, విదేశాల్లోని తెలుగు సంఘాల్లో సాంస్కృతిక కార్యక్రమాలు జరుగుతూనే ఉన్నాయి. వాటిలో సినిమా పాటలకు గంటలకు గంటలు కేటాయిస్తున్నారు. అందులోంచి అరగంట తీసి, సొంతంగా బాణీ కట్టుకున్నవాళ్లకు ఇవ్వాలి. తేదీ రెండు నెలల ముందే చెప్పాలి. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు చాలు. పాట పల్లవి దగ్గరే ఆగినా పాడనివ్వాలి. బహుమతులు పెట్టకూడదు, ముందు వరసలో న్యాయనిర్ణేతల కుర్చీలు వేయకూడదు.